1912 కార్లైల్ సీజన్: గెలిచింది కుర్రాళ్లా, బడా?

సాగర్_మెకానిక్స్‌బర్గ్:
అమెరికాలో మా హారిస్‌బర్గ్ (పెన్సిల్వేనియా) వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో రాజుకున్న గొడవ ఇది. అక్కడ "సంక్రాంతి వంటల లిస్టు మధ్యలో ఈ చరిత్ర ఏంటండీ" అని ఆపేశారు. అందుకే ఇక్కడికి పట్టుకొచ్చాను.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. మాకు దగ్గర్లోనే కార్లైల్ అనే చిన్న ఊరుంది. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే మిలిటరీ అధికారి అక్కడి పాత బారకాసుల్లో నేటివ్ అమెరికన్ పిల్లలకి ప్రభుత్వ బోర్డింగ్ స్కూలు పెట్టాడు. 1918 దాకా నడిచింది. ఇప్పుడు అదే ఆవరణలో ఆర్మీ వార్ కాలేజీ ఉంది. ఆ స్కూలుకి ఫుట్‌బాల్ జట్టొకటి ఉండేది. ఫుట్‌బాల్ అంటే మనూళ్లో కాళ్లతో ఆడేది కాదు, బంతి పట్టుకుని పరిగెడుతూ ఒకళ్లనొకళ్లు పడేసుకునే అమెరికన్ ఆట. కోచ్ పేరు పాప్ వార్నర్. జట్టులో పెద్ద పేరు జిమ్ థోర్ప్, ఆ వేసవిలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఐదు అంశాల పెంటాథ్లాన్, పది అంశాల డెకాథ్లాన్ రెండూ గెలిచొచ్చినవాడు.

1912లో వాళ్లు 14 మ్యాచులాడారు. 12 గెలిచారు, ఒకటి డ్రా, ఒకటి ఓటమి. 504 పాయింట్లు చేసి 114 ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం నవంబర్ 9, వెస్ట్ పాయింట్‌లో ఆర్మీ మీద, అంటే అక్కడి మిలిటరీ అకాడమీ జట్టు మీద ఆట. ఊండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా తెగ ఆడవాళ్లనీ పిల్లల్నీ కాల్చి చంపింది 1890 డిసెంబర్‌లో. మధ్యలో గడిచింది 22 ఏళ్లే. అదే సైన్యానికి కాబోయే ఆఫీసర్లు ఒకవైపు, ఈ కుర్రాళ్లు ఇంకోవైపు. ముందు ఆర్మీయే టచ్‌డౌన్ చేసింది, అంటే బంతిని ఎదుటివాళ్ల గీత దాటించింది, 6-0. సగం ఆటకి కార్లైల్ 7-6. చివరికి 27-6! ఆర్మీ కెప్టెన్ డెవోర్ విసిగిపోయి జో గయాన్‌ని కొట్టి మైదానం బయటికి పోయాడు. ఆర్మీ తరఫున ఆడినవాళ్లలో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడూ ఉన్నాడు, తర్వాత ప్రెసిడెంటయ్యాడు చూడండి, ఆయనే.

నా మాట సూటిగా: కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఇంతకన్నా గొప్ప సీజన్ లేదు. ఆ గొప్ప ఆ కుర్రాళ్లదే. దానికి అడ్డంగా ఎవరేం చెప్పినా వింటాను.

రామం మాస్టారు:
నాయనా సాగర్, బాగా రాశావు. కానీ నువ్వు చెప్పిన కథలో బడి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. ఆ బడి ఎందుకు పెట్టారో చెప్పకుండా జట్టు గురించి చెప్తే ఎట్లా?

ప్రాట్ 1892లో చేసిన ఉపన్యాసంలోనే ఉంది గదా, లోపలున్న ఇండియన్‌ని (అంటే నేటివ్ అమెరికన్‌ని) చంపు, మనిషిని కాపాడు అని. బడి సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటే. డకోటా నుంచి వచ్చిన మొదటి పిల్లల్ని నల్లబల్ల ముందు నిలబెట్టి, దానిమీద తెల్లవాళ్ల పేర్లు వరసగా రాసి, కర్ర చేతికిచ్చి ఏదో ఒకదాన్ని చూపించమన్నారు. వాడికి ఆ అక్షరాలు రావు, ఆ భాష రాదు. కర్ర ఏ గీతల మీద పడితే ఆ రోజునుంచి వాడి పేరు అది. ఆ పేరు రాసిన గుడ్డ చొక్కా వెనకాల కుట్టారు. జుట్టు కత్తిరించారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. 7,800 మందికి పైగా పిల్లలు ఆ బడిలో చేరితే చదువు పూర్తి చేసి పట్టా పుచ్చుకున్నది కొన్ని వందల మందే. 180కి పైగా పిల్లలు అక్కడి మట్టిలోనే కలిశారు.

ఈ బడికి పేరు తెచ్చిపెట్టింది ఏమిటి? ఫుట్‌బాల్. ఆదివారం పేపరు తిరగేసే న్యూయార్కు పెద్దమనిషికి కార్లైల్ అంటే సమాధులు గుర్తొచ్చేవి కావు, టచ్‌డౌన్లు గుర్తొచ్చేవి. "చూశారా, మా చదువు వీళ్లని ఎట్లా మార్చేసిందో" అని చెప్పుకోవడానికి ప్రతి శనివారం ఒక ఉచిత ప్రకటన. గెలిచినకొద్దీ బడి బలపడింది. కాబట్టి గెలుపు బడి ఖాతాలోదే. కుర్రాళ్లకి మిగిలింది దెబ్బలు.

గోదారోడు:
సంక్రాంతి వంటల లిస్టు ఏమైందో చెప్పండి ముందు. సున్నుండలు ఎవరు తెస్తున్నారు?

నవీన్_హనుమకొండ:
సాగరన్నా, నేను లెక్కల మనిషిని, లెక్కల్ల మాట్లాడుత. కాలేజీ ఫుట్‌బాల్‌ల గొప్ప సీజన్ అన్నవ్ గదా. కార్లైల్ అసలు కాలేజే గాదు. అండ్ల చెప్పింది వడ్లంగి పని, కుట్టుపని, కమ్మరి పని, దాంతోని బడి చదువు. డిగ్రీ లేదు. థోర్ప్‌కు అప్పటికి 25 ఏండ్లు. 1904ల చేరిండు, మధ్యల ఎల్లిపోయిండు, మల్ల వచ్చిండు. హార్వర్డ్ పోరగాళ్లు 20, 21 ఏండ్లోళ్లు. గిది సమానమైన పోటీ ఎట్లయితది?

ఇంకోటి. ఆ ఏడు హార్వర్డ్ 9 ఆడి 9 గెల్చింది. కార్లైల్ పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) చేతిల 34-26 ఓడింది. ఆ ఏడు పెన్ 4 మ్యాచులు ఓడిన టీమ్, పెద్ద తోపేం గాదు. వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ తోని 0-0. స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ మీద 30-24 కిందమీద పడి గెల్చిండ్రు. 504 పాయింట్లు అంటున్నవ్, అండ్ల ఆల్‌బ్రైట్ మీద 50, విల్లనోవా మీద 65, లెబనాన్ వ్యాలీ మీద 45. చిన్న టీములను ఉతికి తెచ్చిన పాయింట్లవి.

ఆర్మీ మ్యాచ్ మంచిగ ఆడిండ్రు, ఒప్పుకుంట. ఒక్క మ్యాచ్‌తోని సీజన్ గొప్పదైతదా?

సాగర్_మెకానిక్స్‌బర్గ్:
నవీన్ తమ్ముడూ, లెక్క సగమే చెప్పావు. సిరక్యూజ్ మీద 33-0, పిట్స్‌బర్గ్ మీద 45-8, జార్జ్‌టౌన్ మీద 34-20, బ్రౌన్ మీద 32-0. ఇవి చిన్న టీములా? పైగా పెద్ద మ్యాచులన్నీ ఎదుటివాళ్ల గడ్డమీదే. ఆ రోజుల్లో అంటే రైల్లో పోయి, దిగి, ఆడి, మళ్లీ రైలెక్కడం. హార్వర్డ్ వాళ్లు మాత్రం ఎక్కువ ఆటలు ఇంటి మైదానంలోనే కానిచ్చారు.

కాలేజీ కాదు అన్నావు. మరి హార్వర్డ్, పెన్, ప్రిన్స్‌టన్, చికాగో వీళ్లతో ఏళ్ల తరబడి ఎందుకు ఆడాయి? 1907లో చికాగో మీద 18-4, పెన్ మీద 26-6, హార్వర్డ్ మీద 23-15 కార్లైల్ గెలిచింది. 1911లో హార్వర్డ్‌ని 18-15తో ఓడించింది, కాలికి కట్టుతో ఆడిన థోర్ప్ నాలుగు ఫీల్డ్ గోల్స్ (గోల్ కర్రల మధ్యలోంచి బంతి తన్నడం) కొట్టాడు. టికెట్లు అమ్ముడుపోయేటప్పుడు కాలేజీ, ఓడిపోయాక బడి! ఇదెక్కడి న్యాయం?

వయసు సంగతి కూడా చూద్దాం. ఆ రోజుల్లో ఏ జట్టు శుద్ధంగా ఉందని? డబ్బులిచ్చి ఆటగాళ్లని తెచ్చుకోవడం, ఈ ఏడాది ఒక కాలేజీకి ఆడినవాడు వచ్చే ఏడాది ఇంకో కాలేజీకి ఆడటం మామూలు సంగతి. 1905లో మైదానాల్లో మనుషులు చనిపోతుంటే ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దల్ని పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. ఆ గందరగోళంలోంచే 1906లో ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని ముందుకి విసిరే పద్ధతి, వచ్చింది. అలాంటి కాలంలో కార్లైల్ ఒక్కదాన్ని పట్టుకుని ఆధార్ కార్డు అడిగితే ఎలా?

నవీన్_హనుమకొండ:
1911 హార్వర్డ్ మ్యాచ్ల వాళ్ల కోచ్ హాటన్ రిజర్వు ప్లేయర్లతోని మొదలుపెట్టిచ్చిండు. అసలు టీమ్ ఆఖరికి దిగింది. అది గుడ చెప్పు మరి.

సాగర్_మెకానిక్స్‌బర్గ్:
అది వాళ్ల పొగరు. పొగరుకి పాయింట్లు తీసేస్తారా?

హరిత:
ఇద్దరూ స్కోరు చుట్టూనే తిరుగుతున్నారు. నేను డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే "ఎవరి ఖాతా" అని మాస్టారు అన్నదానికి అక్షరాలా ఖాతా పుస్తకాలే ఉన్నాయి.

1914 మొదట్లో అమెరికా కాంగ్రెస్ కమిషన్ ఒకటి కార్లైల్‌కి వచ్చి విచారణ జరిపింది. విద్యార్థులు, ఉద్యోగులు, వార్నర్ అందరూ సాక్ష్యం చెప్పారు. బయటపడింది ఏమిటంటే, ఫుట్‌బాల్ గేటు డబ్బు, అంటే టికెట్ల వసూళ్లు, ప్రభుత్వ ఖాతాలోకి వెళ్లేది కాదు. అథ్లెటిక్ అసోసియేషన్ పేరున విడిగా ఒక నిధి ఉండేది, దానిమీద పెత్తనం సూపరింటెండెంట్ ఫ్రీడ్‌మన్‌దీ వార్నర్‌దీ. వార్నర్ జీతం ఏడాదికి 4,000 డాలర్లు, ఉండటానికి ఇల్లు. బడి గురించి పత్రికల్లో బాగా రాయించుకోవడానికి కూడా ఆ నిధిలోంచే చెల్లించారు. ఆటగాళ్లకి? ఓవర్‌కోట్లు, గడియారాలు, ఊళ్లో బట్టల షాపులో ఖాతా.

అదే బడిలో మిగతా పిల్లల సంగతి చూడండి. వేసవిలో వాళ్లని తెల్లవాళ్ల ఇళ్లకీ పొలాలకీ పనికి పంపేవాళ్లు. దాన్ని "ఔటింగ్" అనేవాళ్లు. అబ్బాయిలు పాలేర్లు, అమ్మాయిలు పనిమనుషులు. కూలి డబ్బు బడి దగ్గరే ఉండేది. అలా వెళ్లనన్న ఒక అమ్మాయిని బ్యాండు మాస్టరు చెక్కపలకతో కొట్టిన సంగతి కూడా ఆ విచారణలోనే వచ్చింది.

సాగర్ గారూ, పెద్ద మ్యాచులన్నీ బయటే ఆడారని మీరు గొప్పగా చెప్పారు. ఎందుకు బయట ఆడారు? జనం అక్కడ ఎక్కువ, గేటు అక్కడ ఎక్కువ. 1912 అక్టోబర్ 26, శనివారం వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్‌తో ఆడించారు. సోమవారానికి టొరంటోలో, సగం కెనడా రూల్స్‌తో, ఇంకో మ్యాచ్. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. దాన్ని మీరు వీరత్వం అంటున్నారు. నాకు ఓవర్‌టైమ్ లాగా కనిపిస్తోంది.

గోదారోడు:
ఐటీవాళ్ల బతుకూ అంతేగా అక్కా. శనివారం రిలీజు, సోమవారం ఇంకో క్లయింటు.

సాగర్_మెకానిక్స్‌బర్గ్:
హరిత గారూ, మీరు చెప్పిన డబ్బు కథలో ఒక్క అక్షరం కాదనను. అయినా ఒకటి అడుగుతాను. బడి వాళ్లని కూలికి పంపింది, వెళ్లారు. వడ్లంగం నేర్పింది, నేర్చుకున్నారు. అవన్నీ పైనుంచి వచ్చిన ఆర్డర్లు. ఫుట్‌బాల్ అలా రాలేదే!

1890ల్లో ఒక కుర్రాడికి ఆటలో కాలు విరిగింది. ప్రాట్ బయట జట్లతో ఆడటం ఆపించేశాడు. అప్పుడు నలభై మంది దాకా కుర్రాళ్లు కలిసి ఆయన ఆఫీసుకి వెళ్లారు. వాళ్లలో మాట నేర్పున్నవాడు ఒకడు నిలబడి వాదించాడు, మళ్లీ ఆడనివ్వమని. ప్రాటే రాసుకున్న సంగతి ఇది. ఆ బడిలో పిల్లలు పోయి ఆఫీసులో నిలబడి మాకు ఫలానాది కావాలి అని అడిగి సాధించుకున్నవి ఎన్ని ఉంటాయి? పిల్లలే అడిగి తెచ్చుకున్న దాన్ని బడి ఖాతాలో ఎలా వేస్తారు మాస్టారూ?

ఇంకొకటి. 1903లో హార్వర్డ్ మీద వాళ్లు చేసిన గమ్మత్తు గుర్తుందా? రెండో సగం కిక్కాఫ్ బంతి అందుకుని అందరూ గుంపుగా మూగారు. గుంపులో క్వార్టర్‌బ్యాక్ (మైదానంలో ఆట నడిపించేవాడు) జాన్సన్ బంతిని డిల్లన్ జెర్సీ వెనక భాగంలోకి దూర్చేశాడు. కింద జారకుండా ముందే నడుం దగ్గర ఎలాస్టిక్ కుట్టించి ఉంచారు. అందరూ తలో వైపు పరుగు. హార్వర్డ్ వాళ్లు బంతి ఎవరి దగ్గరుందో తెలీక కనిపించినవాణ్నల్లా పట్టుకుంటుంటే, డిల్లన్ రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ గీత దాటేశాడు. ఆ మ్యాచ్ హార్వర్డే 12-11తో గెలిచింది, అయినా ఇప్పటికీ చెప్పుకునేది ఆ వీపునే. అలాంటి ఆటలో ఆనందం లేదనీ, అదంతా ప్రకటన అనీ ఎలా అంటాం?

రామం మాస్టారు:
ఆనందం లేదని నేను అనలేదు. ఆనందానికి యజమాని ఎవరని అడుగుతున్నాను.

నువ్వు చెప్పిన ప్రాట్ కథలో రెండో సగం కూడా చెప్పు. ఆడుకోండి అని ఊరికే అనలేదాయన, రెండు షరతులు పెట్టాడు. ఒకటి, ఎదుటివాడు కొట్టినా మీరు తిరిగి కొట్టకూడదు. కొడితే చూసేవాళ్లు "అదిగో, అడవి మనుషులు" అంటారు. రెండోది, మూడు నాలుగేళ్లలో దేశంలోకెల్లా పెద్ద జట్టుని ఓడించాలి. అంటే చూడు, వాళ్ల ఆటకి మొదటి రోజునుంచే ప్రేక్షకుడు తెల్లవాడు. వాడికి మర్యాద చూపించాలి, వాడికి బలమూ చూపించాలి. పిల్లలు ఆట అడిగారు, ఆయన దాన్ని పరీక్షగా మార్చి ఇచ్చాడు.

వెస్ట్ పాయింట్ మ్యాచ్‌కి ముందు వార్నర్ ఏం చెప్పాడని అంటారు? మీ తాతలూ తండ్రులతో యుద్ధం చేసింది వీళ్ల తాతలూ తండ్రులే, గుర్తుపెట్టుకోండి అని. ఈ మాట చెప్పింది తెల్ల కోచ్, జీతం 4,000 డాలర్లు. వాళ్ల దుఃఖాన్ని తీసి వాళ్లకే కొరడాగా ఇచ్చాడు. మనవాళ్లు దీన్ని సినిమా డైలాగులా చెప్పుకుని చప్పట్లు కొడుతున్నారు.

సుజాత_టీచర్:
నేను భద్రాచలం వైపు గిరిజన గురుకులంలో పనిచేస్తాను. ఈ చర్చ చదువుతుంటే మా పిల్లలే కళ్లముందు మెదిలారు. మా దగ్గరా ఖోఖోలో, అథ్లెటిక్స్‌లో కప్పులు తెచ్చే పిల్లలున్నారు. కప్పు వచ్చిన రోజు ఫొటోలో ముందు వరసలో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు. అయినా మాస్టారు గారూ, ఆ పిల్లకి ఆ కప్పు తనదే. హెడ్‌మాస్టరు గారిదని ఏ రోజూ అనుకోదు. బయటనుంచి మనం ఎన్ని లెక్కలు వేసినా పరిగెత్తింది తనేనని తనకి తెలుసు.

రెంటినీ ఒకే గాటన కట్టడం లేదు. మా పిల్లలు పండగకి ఇంటికి వెళ్తారు, అమ్మానాన్నా వచ్చి చూస్తారు. కార్లైల్ పిల్లలు ఏళ్ల తరబడి ఇంటి మొహం చూడలేదు.

అడ్మిన్:
గురుకులాల మీద మాట్లాడాలనుకుంటే దయచేసి వేరే చర్చ తెరవండి. ఇక్కడ కార్లైల్ మీదే ఉందాం.

హరిత:
సుజాత గారి మాట నాకు నచ్చింది. దానికే ఇంకోవైపు నుంచి ఒక సంగతి కలుపుతాను.

ఐసెన్‌హోవర్ 1961లో థోర్ప్‌ని మెచ్చుకుంటూ ఏమన్నాడంటే, ఆయన జన్మలో ఎప్పుడూ ప్రాక్టీసు చేయలేదు, అయినా నేను చూసిన ఏ ఆటగాడికన్నా ఏదైనా బాగా చేయగలడు అని. ఎంత పెద్ద పొగడ్త! అందులోనే ఎంత పెద్ద దొంగతనం! ప్రాక్టీసు చేయకుండా ఒలింపిక్స్‌లో పది అంశాల డెకాథ్లాన్ ఎవడు గెలుస్తాడండీ? హర్డిల్స్, పోల్‌వాల్ట్, జావెలిన్ పుట్టుకతో వస్తాయా? కష్టపడి నేర్చుకున్నదాన్ని "రక్తంలోనే ఉంది" అనేస్తే కష్టం లెక్కలోకి రాదు. అదే బడినుంచి అదే ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లలో వెండి పతకం తెచ్చిన హోపీ తెగ కుర్రాడు లూయీ టెవానిమాని కూడా ఇలాగే ఎడారిలో కుందేళ్ల వెంట పరిగెత్తేవాడని చెప్పి సరిపెట్టేశారు.

అసలు ఆ ఆర్మీ మ్యాచ్‌లో థోర్ప్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు, తెలుసా? మూడు చేసింది అలెక్స్ ఆర్కాసా, ఒకటి బెర్గీ. థోర్ప్‌ని ఆపడానికి ఆర్మీ అంతా ఒకవైపు మూగితే రెండోవైపునుంచి బంతి వెళ్లిపోయింది. అది గూడెం అడవిలో పుట్టే విద్య కాదు. వారాల తరబడి ఒక కొత్త వ్యూహాన్ని రిహార్సల్ చేసి, క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ నోట పిలుపు రాగానే పదకొండు మందీ కదిలితే వచ్చేది.

నవీన్_హనుమకొండ:
హరితక్క ఒలింపిక్స్ తీసింది గాబట్టి చెప్త. నేను థోర్ప్‌కు వ్యతిరేకం అనుకుంటున్నరు శానామంది. గాదు. నేను రూల్‌కు కట్టుబడేటోణ్ని.

1913 జనవరిల వోర్సెస్టర్ పేపరోళ్లు రాసిండ్రు, థోర్ప్ 1909, 1910 ఎండకాలాలు నార్త్ కరోలినాల పైసలు తీస్కోని బేస్‌బాల్ ఆడిండని. ఆడిన మాట నిజమే. శానామంది కాలేజీ పోరగాళ్లు దొంగ పేర్లు పెట్టుకోని ఆడేటోళ్లు, ఈయన సొంత పేరుతోనే ఆడిండు. పతకాలు గుంజుకున్నరు. కని అప్పటి ఒలింపిక్ రూల్ ఏముండె? అభ్యంతరం ఏదున్నా పోటీలైన 30 రోజులల్ల చెప్పాలె. ఆర్నెల్లయినంక చెప్తే చెల్లదు. అంటే రూల్ ప్రకారం గుంజుకునుడే తప్పు. 1982ల సగం సగం ఇచ్చిండ్రు, ఇంకోళ్లతోని కలిపి. 2022ల ఒక్కడే విజేత అని ఒప్పుకున్నరు. ఆయన సచ్చిపోయింది 1953ల. ఇగ జూడుండ్రి.

గదే రూల్ పుస్తకం కార్లైల్ దిక్కు తిప్పితే నాకు కాలేజీ కనవడలే. ఇండ్ల ద్వేషం ఏంలేదు.

రామం మాస్టారు:
నవీన్, ఆ పతకాల గొడవలో థోర్ప్ పేరుతో ఒక లేఖ పోయింది కదా. నేనొక ఇండియన్ బడి పిల్లవాణ్ని, ఇలాంటివన్నీ నాకు తెలియవు, క్షమించండి అని దాని సారాంశం. రాసినవాడికి 25 ఏళ్లు. ప్రపంచంలోకెల్లా గొప్ప అథ్లెట్. వార్నర్ చెయ్యి ఆ లేఖలో ఉందని చాలామంది చరిత్రకారుల అనుమానం. థోర్ప్ బేస్‌బాల్ సంగతి తనకేమీ తెలియదన్నాడు వార్నర్. రెండేళ్లు ఆటగాడు ఎక్కడికి పోయాడో కోచ్‌కి తెలియకపోవడం ఏమిటి! గెలిచిన రోజు "మా వాడు". పట్టుబడిన రోజు "పాపం, తెలియని పిల్లాడు".

నేను మొదటినుంచీ చెప్తున్నది ఇదే. ఆ బడిలో కుర్రాళ్లకి పెద్దవాళ్లయ్యే హక్కు లేదు. పెద్దవాడు కానివాడి గెలుపు ఎవరి పేరున పడుతుంది? సంరక్షకుడి పేరున. చట్టం కూడా అట్లాగే చూసింది, వాళ్లలో చాలామందికి పౌరసత్వమే లేదు, అందరికీ వచ్చింది 1924లో.

హరిత:
మాస్టారూ, ఇక్కడ మాత్రం మీతో పేచీ పెట్టుకుంటాను.

1914 విచారణ ఆకాశంనుంచి ఊడిపడలేదు. విద్యార్థులు సంతకాలు పెట్టి అర్జీ పంపారు, రెండు వందల మందికి పైగా. సంతకాలు సేకరించడంలో ముందున్నదెవరు? గస్ వెల్చ్. 1912 జట్టు క్వార్టర్‌బ్యాక్. ఓజిబ్వే తెగ కుర్రాడు. వెస్ట్ పాయింట్‌లో ఆ వ్యూహాన్ని మైదానంలో నడిపించినవాడే, రెండేళ్లు తిరక్కుండా వాషింగ్టన్ పెద్దల ముందు కూర్చుని వార్నర్ గురించి చెప్పాడు: కోచ్‌గా బాగానే ఉంటాడు, మనిషికి నీతి లేదు అని. ఆటగాళ్లని నోటికొచ్చినట్టు తిడతాడని, హోటల్ లాబీలో నిలబడి మ్యాచ్ టికెట్లు అమ్ముకుంటాడని చెప్పాడు. ఫలితం? ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ 1915 నుంచి పిట్స్‌బర్గ్ కోచ్. నాలుగేళ్లలో బడే మూతబడింది.

పెద్దవాళ్లయ్యే హక్కు లేదన్నారు. ఎవరూ ఇవ్వలేదు, నిజమే. వెల్చ్ తీసుకున్నాడు. ఆ సంతకాల వెనక ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నారు? పేరు దేశమంతా తెలిసిన క్వార్టర్‌బ్యాక్ కాకపోతే అతని మాట కాంగ్రెస్ వినేదా? బడి జట్టుని ప్రకటనగా వాడుకుంది, ఒప్పుకుంటాను. అదే పేరుని జట్టు తిప్పి బడిమీదికే వాడింది. 1912 గురించి చెప్పేవాళ్లంతా నవంబర్‌లో ఆపేస్తారు. నా లెక్కలో ఆ సీజన్ చివరి మ్యాచ్ బ్రౌన్ మీద కాదు, ఆ విచారణ గదిలో.

సాగర్_మెకానిక్స్‌బర్గ్:
ఇదే నేను చెప్పాలనుకున్నది, నాకు ఇంత బాగా రాలేదు.

రామం మాస్టారు:
వెల్చ్ మాట విన్నారు సరే. ఆ పలక దెబ్బలు తిన్న అమ్మాయి ఫుట్‌బాల్ ఆడలేదు. ఆమెకి దేశంలో పేరు లేదు. ఆమె మాట వినడానికి మధ్యలో క్వార్టర్‌బ్యాక్ ఎందుకు కావలసి వచ్చింది? వీరుడు దొరికిన బడి గురించి మనం వంద పోస్టులు రాస్తున్నాం. వీరుడు దొరకని బోర్డింగ్ స్కూళ్లు ఆ దేశంలో వందల్లో ఉండేవి, ఒక్కదాని పేరైనా ఈ చర్చలో వచ్చిందా?

కార్లైల్ సమాధుల దగ్గరికి ఎవరైనా వెళ్లారా, సాగర్?

సాగర్_మెకానిక్స్‌బర్గ్:
వెళ్లాను మాస్టారూ. మిలిటరీ బేస్ అంచున, రోడ్డు పక్కనే ఉంటాయి. మిలిటరీ శ్మశానంలో లాగా తెల్లరాళ్లు, వరసలు తీర్చి. పేరు, తెగ. కొన్నిటిమీద పేరు కూడా లేదు, "తెలియదు" అని ఉంటుంది. అసలు చోటు కూడా అది కాదు, 1927లో కట్టడాల కోసం తవ్వి ఇక్కడికి మార్చారు. 2017 నుంచి తెగలవాళ్లు వచ్చి తమ పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఇంటికి తీసుకెళ్తున్నారు. 2021లో రోజ్‌బడ్ తెగవాళ్లు తొమ్మిది మందిని తీసుకెళ్లారు. 2024 డిసెంబర్‌లో ఆ స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

అయినా నా మాట మారదు. ఊళ్లో థోర్ప్ పేరున బోర్డు ఉంది, బడి పేరునా బోర్డు ఉంది. రెండూ ఉండాలి. ఒకటి తీసేసి ఇంకోటి పెట్టమంటే ఒప్పుకోను.

నవీన్_హనుమకొండ:
బోర్డులు ఎన్నైనా పెట్టుకోండ్రి. నా ప్రశ్నకు జవాబు రాలే ఇంక. జో గయాన్, ఆర్మీ కెప్టెన్ కొట్టిన ఆయనే, 1912, 1913 కార్లైల్‌కు ఆడిండు. మల్ల 1917, 1918 జార్జియా టెక్‌కు ఆడిండు. 1917ల వాళ్లు నేషనల్ చాంపియన్లు గుడ. కార్లైల్ కాలేజే అయితే, అక్కడ రెండేండ్లు ఆడినోడు ఇంకో కాలేజీల మల్ల ఎట్ల ఆడిండు? ఎవ్వలు అభ్యంతరం జెప్పలే ఎందుకు?

సాగర్_మెకానిక్స్‌బర్గ్:
ఆ రోజుల్లో అలా ఆడినవాళ్లు లెక్కలేనంత మంది, పైన చెప్పానుగా. నీకో ప్రశ్న. వాల్టర్ క్యాంప్ ఏటా దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరిలోంచి పదకొండు మందిని ఏరి ఆల్ అమెరికా జట్టు ప్రకటించేవాడు. 1911లో మొదటి జట్టులో థోర్ప్, 1912లోనూ థోర్ప్. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో థోర్ప్ ఉన్నాడు, నీ గయాన్ ఉన్నాడు, వెల్చ్ ఉన్నాడు. వాళ్లందర్నీ బయటికి తోలేస్తావా?

నవీన్_హనుమకొండ:
తోలెయ్య. క్యాంప్ యేల్ మనిషి, ఆయన లిస్టుల మీద నాకు వేరే కొట్లాట ఉంది. దానికి కొత్త చర్చ పెడ్త.

గోదారోడు:
పెట్టు తమ్ముడూ, వస్తాం. సున్నుండలు మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు ఇంకా.